అమ్మ ఊరికి పోలేదు

నా చిన్నప్పుడు మా అమ్మ చనిపోయిన సంగతి చాలా కాలం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదని మా వాడ మొత్తం ఒక్క మాట మీద నిలబడింది. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ మీద నాకు కోపం రాదు. ఏడేళ్ళ పిల్లకు ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక, చెబితే ఆ పిల్ల ఏమైపోతుందోనన్న భయంతో అట్లా చేశారు.

మేము షోలాపూర్ భవాని పేటలో ఉండేవాళ్ళం. తాతల నాడు తెలంగాణ నుంచి నేత పని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు మావి. ఒక ఇంటి గోడకు ఇంకో ఇంటి గోడ ఆనుకొని ఉండేది. పక్కింట్లో దగ్గినా మాకు వినిపించేది. మా బాపు సాంచాల కారఖానాలో, అంటే కరెంటు మగ్గాల మీద, దుప్పట్లు నేసేవాడు. అమ్మ వాకిట్లో కూర్చొని చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేది. ఆమె చేతులకు ఎప్పుడూ తంబాకు వాసన ఉండేది. ఆ వాసన అందరికీ ఘాటు. నాకు మాత్రం నిద్రపట్టించే వాసన.

అమ్మకు నెలలు నిండాక దవాఖానకు తీసుకుపోయారు. నన్ను పట్నానికి ఆ చివర ఉన్న మా మేనత్త ఇంటికి పంపారు. తిరిగి వచ్చేసరికి ఇల్లు కొత్తగా సున్నం వేసి ఉంది. అమ్మ లేదు. అమ్మమ్మకు పానం బాగలేక అమ్మ ఊరికి పోయిందని బాపు చెప్పాడు. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. మేము ఊరు అంటే తెలంగాణలో ఉన్న మా అమ్మ పుట్టినిల్లే. రైలు ఎక్కి పోవాలి. కాబట్టి నేను నమ్మాను.

పొద్దుగూకే ముందు స్టేషను వైపు నుంచి టాంగాలు వచ్చేవి. ఆ వేళకు నేను గడప మీద కూర్చునేదాన్ని. మొదట్లో బాపును రోజూ అడిగేదాన్ని. నేను అడిగిన ప్రతిసారీ ఆయన రొట్టె ముక్క పళ్ళెంలో వదిలేసి లేచి పోయేవాడు. నేను అడగడం వల్ల బాపు తిండి మానేస్తున్నాడని నాకు అర్థమయింది. అడగడం మానేశాను. పిల్లలు మరిచిపోయారని పెద్దలు అనుకునే సందర్భాల్లో చాలాసార్లు జరిగేది అదే. మరిచిపోరు. అడగకుండా ఉండటం నేర్చుకుంటారు.

అడగకపోతే మనసు ఊరుకోదు కదా. తనే ఏదో ఒక జవాబు అల్లుకుంటుంది. అమ్మ ఒక్కసారి కూడా నన్ను చూడటానికి రాలేదు, పిలిపించుకోలేదు. అంటే నా మీద కోపం వచ్చి ఉండాలి అనుకున్నాను. ఎందుకు కోపమో తెలియదు. తెలియదు కాబట్టి దాన్ని సరిచేసే దారీ లేదు. ఆ బరువు ఎంతటిదో ఇప్పటికీ నాకు గుర్తుంది.

బాపు పనికి పోయాక నన్ను పక్కింటి అక్క చూసుకునేది. అక్కకు ఇరవై ఏళ్ళ లోపే ఉంటాయి. వాళ్ళది కూడా మా లాంటి నేతగాళ్ళ కుటుంబమే, కాకపోతే క్రైస్తవులు. అక్క తల్లి కొన్నేళ్ళ కిందటే పోయింది. ఇంట్లో మిగిలింది అక్క, వాళ్ళ నాయన. పెళ్ళయిన చాలా ఏళ్ళకు పుట్టిన ఒక్కగానొక్క బిడ్డ కాబట్టి ఆయన అప్పటికే ముసలివాడు. పిల్లలమంతా ఆయనను తాత అనేవాళ్ళం. ఇంకా చేతి మగ్గమే నేసేవాడు. మంచి గొంతు ఆయనది. ఆదివారం చర్చిలో తాత పాడితే బయట రోడ్డు మీద వినబడేదని అందరూ చెప్పుకునేవారు.

అక్కకు చిన్నతనంలో వచ్చిన జ్వరం గుండెను పాడుచేసింది. నాలుగడుగులు వేస్తే పెదవులు నీలంగా మారేవి. గోడకు ఆనుకొని, అమ్మలాగే ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టేది. మంచం పట్టిన మనిషిలా మాత్రం ఎప్పుడూ ఉండేది కాదు. నాతో గచ్చకాయలు ఆడి, ఓడిపోయేలా ఉంటే కాయలను కొంగు కింద దాచేసేది. పట్టుబడితే ఆయాసం వచ్చేదాకా నవ్వేది. బిడ్డ ఎక్కువ కాలం బతకదని దవాఖానలో పెద్ద డాక్టరు తాతకు స్పష్టంగానే చెప్పాడట. తాత మాత్రం బిడ్డతో, "ఎండలు తగ్గినంక తబ్యత్ మంచిగైతది" అని ఒకటే మాట. ఎండలు తగ్గితే చలి పోయాక, చలి పోతే వానలు పడ్డాక. అక్క ఊకొట్టేది.

అంటే గోడకు ఇటు మా బాపు, అటు ఆ తాత, ఇద్దరూ ఒకే మాటను గొంతులో అదిమి పెట్టుకొని బతుకుతున్నారన్నమాట. నాకు చెప్పనని మా బాపు అక్క దగ్గర కూడా మాట తీసుకున్నాడు. ఇదంతా నాకు తరువాత తెలిసింది.

ఆ ఎండాకాలంలో వాళ్ళ పునరుత్థాన పండుగ వచ్చింది. చచ్చిపోయిన ప్రభువు మళ్ళీ లేచిన రోజు అని వాళ్ళు చేసుకునే పండుగ. దానికి ముందు రోజు సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి వస్తారు. అక్క నన్నూ తీసుకుపోతానంటే బాపు కాదనలేదు. అది పండుగ అని ఆయనకు తెలుసు, ఎక్కడికి పోతారో అడగలేదు. ముగ్గురం టాంగాలో వెళ్ళాం. అది వేపచెట్ల నీడలో, గోడ కట్టిన పెద్ద స్థలం. ఎక్కడ చూసినా మనుషులు కుంచెలతో, బకెట్లతో ఇంటి పనిలాగే పని చేసుకుంటున్నారు. తాత నీళ్ళ కోసం నల్లా దగ్గరికి పోయాడు. అక్క ఒక చిన్న గట్టు పక్కన చతికిలబడి, దాని మీద రాలిన వేపాకులను చేత్తో ఊడుస్తూ, "ఇది మా అమ్మది" అంది.

నాకు అర్థం కాలేదు. నాకు తెలిసినంతలో అమ్మలు పోయే చోటు ఒకటే.

"మీ అమ్మ ఊరికి పోలేదా అక్కా?" అని అడిగాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"లేదు పోరీ. మా అమ్మ సచ్చిపోయింది. గీ మట్టిల పెట్టినం."

"మా అమ్మకైతే నా మీద కోపం. గందుకే ఊరి నుంచి వస్తలేదు."

నేను ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అక్క కళ్ళు మూసుకుంది. ఊపిరి పైకి కిందికి కొట్టుకుంటోంది. బాపుకు ఇచ్చిన మాట ఆ క్షణంలో ఆమెను ఎంత కష్టపెట్టిందో నాకేం తెలుసు. నన్ను దగ్గరికి లాక్కొని, నా రెండు చేతులూ పట్టుకొని, గబగబా కాకుండా ఒక్కొక్క మాటే చెప్పింది.

"మీ అమ్మకు నీ మీద కోపం లేదు బిడ్డా. ఆమె ఊరికి పోలేదు. దవాఖానలనే సచ్చిపోయింది. పుట్టిన తమ్ముడు గూడ సచ్చిపోయిండు. నిన్ను ఇడిసి పోవుడు ఆమెకు ఇష్టం లేకుండె. ఆఖరుకు నీ పేరే పిలిచిందంట."

నేను ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కానీ ఆ ఏడుపు లోపల ఒక మూలన ఏదో తేలికపడటం కూడా తెలుస్తూనే ఉంది. అమ్మకు కోపం లేదు. అక్క నన్ను ఊరుకోమనలేదు. తనూ ఏడ్చింది. కొంతసేపటికి కొంగుతో ఇద్దరి ముఖాలూ తుడిచి, వాళ్ళ అమ్మ గురించి చెప్పింది. ప్రభువు చచ్చిపోయి లేచాడట, ఆయన చెయ్యి పట్టుకున్న వాళ్ళను కూడా ఒకరోజు లేపుతాడట, అప్పుడు ఇక చావు ఉండదట. అదంతా పక్కవీధి సంగతి అన్నంత మామూలుగా చెప్పింది.

"మా అమ్మను గూడ లేపుతడా?" అన్నాను. "ఆమెను ఏడ పెట్టిన్రు?"

"మీవోళ్ళు కాలవెడతరు బిడ్డా. బూడిదైతది." నాతో అబద్ధం చెప్పడం ఆమె ఇక పూర్తిగా మానేసింది. "బూడిదైతే ఆయనకేం అడ్డం. మట్టి నుంచే గదా మనిషిని జేసింది. నాకు అన్ని సంగతులు తెల్వయి. ఆయన మంచోడని మాత్రం తెల్సు. మీ అమ్మ కోసం రోజు ఆయనను అడుగుతనే ఉన్న."

తాత బకెట్‌తో తిరిగి వచ్చేసరికి నా ముఖం చూసి ఆయనకు విషయం అర్థమయింది. ఆయన వేసిన సున్నం ఆ గట్టుకు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా పడింది.

ఆ సాయంత్రం బాపు కారఖానా నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే, "బాపూ, అమ్మ సచ్చిపోయింది గద" అన్నాను. ఆయనకే తెలియదేమో, నేనే మెల్లగా చెప్పాలేమో అన్నట్టు అన్నాను. బాపు చెంబు అక్కడే పడేసి పక్కింటికి నడిచాడు. నేను వెనకే పోయాను.

మా బాపు గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు. "పసిదానికి ఏం జెప్పినవు? మాట ఇచ్చినవు గదా. కశాలా, నీకెందుకు గీ పంచాయతి?"

తాత అడ్డం రాబోయాడు. అక్క చేత్తో ఆపింది. "థాంబ్ నాయినా. అన్నా, నువ్వు కూసో. మాట తప్పిన, తిట్టు. గానీ ఒక్కటి ఇను. వాళ్ళమ్మకు తన మీద కోపమనుకుంటున్నది పిల్ల. గందుకే వస్తలేదనుకొని గిన్ని నెలల సంది ఒక్కతే మోస్తున్నది."

బాపు నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు ఇంకా కళ్ళకు కడుతుంది. అమ్మ పోయాక ఆయన నన్ను నేరుగా చూడటం అదే మొదటిసారేమో. నిలబడ్డవాడు అట్లాగే గోడ పట్టుకొని కిందకు కూర్చుండిపోయాడు.

అక్క అక్కడితో ఆగలేదు. ఆయాసపడుతూనే వాళ్ళ నాయనతో అంది. "రేపు నేను పోతె నువ్వు గూడ గీ పోరికి అక్క ఊరికి పోయిందని చెప్తవు నాయినా."

"నువ్వు ఏడికి పోతలేవు" అన్నాడు తాత.

"పోతున్న. నీకు తెల్సు, నాకు తెల్సు. గుడిల అందరికన్న గట్టిగ పాడేది నువ్వే. సచ్చినోళ్ళు లేస్తరని పాడుతవు. నీ బిడ్డ సస్తదన్న మాట మాత్రం నీ నోట్లకెళ్ళి రాదు. గది రాకపోతె నీ పాటెట్ల ఖరా అయితది?"

ఖరా అంటే నిజం. మా వాడలో మరాఠీ, తెలుగు అట్లా కలిసే వచ్చేవి. తాత బిడ్డ పక్కన కూర్చొని ఆమె తల తన భుజం మీద పెట్టుకున్నాడు. "నువ్వు పోతె నేనెట్ల ఉండాలె బిడ్డా" అన్నాడు. డాక్టరు చెప్పిన మాటను ఆయన ఒప్పుకున్నది అప్పుడే. ఆ ఇంట్లో ఆ సాయంత్రం నలుగురమూ ఏడ్చాం. బాపు నన్ను ఎత్తుకొని ఇంటికి తెచ్చి, దీపం పెట్టి, పెట్టెలోంచి అమ్మ చీర తీసి నాకు ఇచ్చాడు. అమ్మ ఆఖరి రోజు గురించి తెలిసినదంతా చెప్పాడు. ఆయన కూడా అన్ని నెలలుగా ఎవరికీ చెప్పుకోలేదు.

వానలు మొదలయ్యాక అక్క పడుకోలేకపోయింది. పడుకుంటే ఊపిరి ఆడదు. దుప్పట్లు మడతలు వేసి వీపు వెనక పెడితే కూర్చునే కునుకు తీసేది. నన్ను మాత్రం ఎవరూ దూరం పంపలేదు. పోయి పక్కన కూర్చునేదాన్ని. ఒకసారి, "భయమైతదా అక్కా?" అని అడిగాను.

"ఊపిరాడనప్పుడు అయితది. మనిషినే గద" అంది. ఊపిరి కూడదీసుకొని మళ్ళీ చెప్పింది. "చీకట్ల తొవ్వ నడిస్తె భయమైతది. తొవ్వ చివరకు ఇల్లున్నదని తెల్సినా అయితది. గట్లనే ఇది."

నా మనసులో ఉన్నది అడగకుండా ఉండలేకపోయాను. "ఆడ మా అమ్మ కనవడితె, కోపం లేదని నాకు తెల్సిందని చెప్తవా?"

వేరే ఎవరైనా చెబుతానని వెంటనే అనేవారు. అక్క వెంటనే అనలేదు. "ఆడ ఎట్లుంటదో నాకు తెల్వది. నన్ను చెయ్యి పట్టుకొని తీస్కపోయేటాయనకు ఎరికె. నీ మాట ఆయనకు జెప్త. మిగిలింది ఆయన జూస్కుంటడు" అంది. నాకు అది చాలనిపించింది. తెలియని దాన్ని తెలుసని చెప్పలేదు కాబట్టే, తెలుసని చెప్పినదాన్ని నమ్మగలిగాను.

ఒకరోజు మధ్యాహ్నం బడిలో ఉండగా బాపు వచ్చాడు. పని వేళలో బాపు బయటికి రావడం నేను ఎప్పుడూ చూడలేదు. చొక్కా మీద ఇంకా దూది పోగులు ఉన్నాయి. బడి గేటు దగ్గర నా ముందు గొంతుక్కూర్చొని, నా కళ్ళలోకి చూస్తూ, "అక్క సచ్చిపోయింది బిడ్డా. పొద్దుగాల. పోదాం పా" అన్నాడు. ఆ మాటను పూర్తిగా అన్నాడు. నా చెయ్యి పట్టుకొని వానలోనే నడిపించుకొని పోయాడు. ఈసారి మేనత్త ఇంటికి పంపలేదు.

అక్కను తెల్లచీరలో చూశాను. ముఖం మీద ఆయాసం లేదు. చర్చి వాళ్ళు చుట్టూ నిలబడి పాట మొదలుపెట్టారు. మా వాడ ఆడవాళ్ళు వాకిట్లో గుసగుసలు పోయారు. బిడ్డ చచ్చిపోతే పాటలేంది, వీళ్ళకు దుఃఖం లేదా అని. నేను తాతను చూస్తున్నాను. మొదటి చరణం దాకా ఆయన నోరు తెరవలేదు. తరువాత పాడాడు. ఆ పెద్ద గొంతు మధ్యలో విరిగిపోయింది. ఏడ్చాడు. ఏడుపు ఆగకుండానే మళ్ళీ పాట అందుకున్నాడు. వాకిట్లో గుసగుసలు ఆగిపోయాయి. దుఃఖం లేనివాడు పాడినట్టు లేదు అది. ఆశ లేనివాడు ఏడ్చినట్టూ లేదు.

మా బాపు శవపెట్టెకు ఒక పక్క భుజం ఇచ్చాడు. అక్క తల్లి పక్కనే గుంట తవ్వారు. పాదిరిగారి ప్రార్థన అయ్యాక తాత పిడికెడు తడి మట్టి తీసుకొని, చాలాసేపు చేతిలోనే పెట్టుకొని, ఆఖరుకు వదిలాడు. "పోయి రా బిడ్డా. నేను వస్త. మళ్ళ కలుస్తం" అన్నాడు. స్టేషనులో రైలు ఎక్కించేటప్పుడు చెప్పే మాటల్లాగే ఉన్నాయి. కానీ ఈసారి ఎవరినీ మభ్యపెట్టడానికి చెప్పినవి కావు. మట్టి పడుతుండగా ఆయన మా బాపు భుజం మీద వాలిపోయాడు.

తాత ఆ తరువాత చాలా ఏళ్ళు బతికాడు. పని అయ్యాక బాపు ఆయన వాకిట్లోనే కూర్చునేవాడు. మేము మా దేవుళ్ళనే కొలుచుకున్నాం, తాత మమ్మల్ని మారమని ఎన్నడూ అడగలేదు. పెద్దయ్యాక ఒకసారి, తాత నమ్మేది నిజమేనంటావా అని బాపును అడిగాను. బాపు ఆలోచించి అన్నాడు: "నాకు తెల్వది. గా తాత ఏడ్సుకుంట పాడిండు జూడు. ఉత్తదైతె గట్ల పాడనీకె రాదు."

ఇప్పుడు నేను విడీ ఘర్కుల్‌లో, అంటే బీడీ కార్మికుల కాలనీలో, నా కొడుకు దగ్గర ఉంటున్నాను. మా బంధువుల్లో ఎవరు పోయినా, ఇంట్లో పిల్లలకు చెప్పే పని నాకే అప్పగిస్తారు. పిల్లల ముందు కూర్చొని, చచ్చిపోయారు అనే మాటనే వాడతాను. వాళ్ళు ఏడిస్తే ఏడవనిస్తాను. ఏడ్చాక చాలామంది, మళ్ళీ కనిపిస్తారా అని అడుగుతారు. అక్కలాగా గట్టిగా అవునని చెప్పే నమ్మకం నాకు ఇంకా రాలేదు. కాదని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. కనిపిస్తారని నమ్మి, ఆ నమ్మకంతోనే వెళ్ళిపోయిన ఒక మనిషిని దగ్గరగా చూశానని చెబుతాను.

ఈ మధ్య నా గుండె కూడా సరిగా లేదు. డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి కొడుకుతో మాట్లాడాడు. వాడు బయటికి వచ్చి, ఏం లేదమ్మా, అన్నాడు నేల చూస్తూ. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. చెప్పాడు. వాడి చెయ్యి నా చేతిలో పెట్టుకొని చాలాసేపు ఇద్దరం ఆ బెంచీ మీదే ఉండిపోయాం. నాకు భయం వేసింది. కానీ నేను పోయే చోట నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరో ఉన్నారన్న ఆశ, ఏడేళ్ళ వయసులో ఆ వేపచెట్ల నీడలో నాలో పడిన ఆశ, ఆ భయం పక్కనే కూర్చొని ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అది నన్ను విడిచిపోలేదు.